నలువది గాత్రముల గాయకుడు: థామస్ టాలిస్

తాళ్లపాక అన్నమాచార్యులవారు 1503వ సంవత్సరమున పరమపదించిరి. తిరుమల కొండపై ఆ కంఠము మూగవోయిన రెండు మూడేండ్లకు, అనగా 1505 ప్రాంతమున, సముద్రముల కావల ఇంగ్లండు దేశములో థామస్ టాలిస్ జన్మించెను. ఇరువురును దైవస్తుతికే తమ విద్యను ధారపోసినవారు. ఇరువురును రాజుల సన్నిధిని చూచినవారే. అయితే వారి పాటలకు నడుమ నొక గొప్ప భేదము గలదు. అన్నమాచార్యులవారి సంకీర్తనను ఎందరు కూడి పాడినను అందరిదియు నొకటే మెట్టు. టాలిసు కట్టిన వానిలో మిక్కిలి పేరొందిన పాటకు నలువది గొంతులు, నలువది వేర్వేరు మెట్లు. అవి యన్నియు నొక్కసారిగా వినబడును. అది గందరగోళము గాక ప్రార్థన యెట్లగునో, దానిని కట్టినవాడు ఎట్టి దినములలో బ్రదికెనో మన విద్యార్థులు తెలిసికొనదగియున్నది.

పాట సంగతి ముందుగా కొంచెము చెప్పవలెను. కంచికచర్ల చుట్టుప్రక్కల శ్రీరామనవమి పందిళ్లలో భజన వినని వారుండరు. గురువు ఒక చరణము నెత్తుకొనును, తక్కినవారు దాని నందుకొందురు. ఒక్కొక్కచోట భజనపరులు రెండు వరుసలుగా నిలిచి, ఒక వరుస పాడగా రెండవ వరుస బదులు పాడుదురు. ఇది మిగుల ప్రాచీనమైన పద్ధతి. నెహెమ్యా గ్రంథము 12వ అధ్యాయములో యెరూషలేము ప్రాకారమును ప్రతిష్ఠించిన దినమున స్తోత్రగానము చేయువారు రెండు గొప్ప సమూహములై గోడమీద నెదురెదురు దిక్కులకు నడచిరని చదువుచున్నాము. ఐరోపాలోని దేవాలయములలోను ఈ ఆచారము నిలిచెను. పదునారవ శతాబ్దమున ఇటలీలోని వెనిసు పట్టణమున, పరిశుద్ధ మార్కు దేవాలయములో, ఇది యొక శాస్త్రముగా పెరిగెను. అచ్చటి గాయకాచార్యుడు ఆడ్రియన్ విల్లేర్టు 1550లో రెండు బృందములు మార్చి మార్చి పాడుటకు కీర్తనలను కూర్చి అచ్చు వేయించెను. ఆయన తరువాత ఆండ్రియా గాబ్రియేలి, అతని దగ్గర బంధువు జియోవన్ని గాబ్రియేలి మరికొన్ని బృందములను చేర్చి, వానిని దేవాలయములోని వేర్వేరు తావులలో నిలిపి పాడించిరి.

వెనిసువారి పాటలో బృందములు ఒండొంటికి బదులు చెప్పుకొనును. దానికి తోడు, ఒక్కొక్క బృందములోను నలుగురైదుగురు వేర్వేరు స్వరములు పాడుదురు. మన సంగీతమున రాగము తీగవలె సాగును. వారి సంగీతము పెక్కు పోగుల నేత. ఒక పోగు పైకి పోవుచుండగా మరియొకటి క్రిందికి దిగును, ఒకటి నిలిచి యుండగా వేరొకటి పరుగెత్తును. ఒకదాని నొకటి చెరుపకుండుటయే అందలి నేర్పు.

టాలిసు పేరు మొట్టమొదట 1530 దాటిన తరువాత కానవచ్చుచున్నది. కెంటు మండలములోని డోవరు రేవున బెనెడిక్టు సన్యాసుల చిన్న మఠ మొకటి యుండెను. అందులో ఆయన ఆర్గను వాయించుచుండెను. ఆ కాలమున ఎనిమిదవ హెన్రీ రాజు రోమాపురి పోపుతో తెగదెంపులు చేసికొని, 1534లో తానే ఇంగ్లండు సంఘమునకు శిరస్సు నని చట్టము చేయించెను. మఠముల ఆస్తులపై రాజుగారి కన్ను పడెను. డోవరు మఠము 1535లో మూతపడెను. టాలిసు లండను చేరి కొంతకాల మొక పేటలోని చర్చిలో పాడి, 1538లో ఎసెక్సు మండలములోని వాల్తాము మఠమున కొలువునకు కుదిరెను. ఇది పెద్ద మఠము, గొప్ప ఆస్తి గలది. ఇక్కడనైన స్థిరముగా నుండవచ్చునని యెవరైన తలచియుందురు. రెండేండ్లు తిరుగకమునుపే, 1540 మార్చి నెలలో, అదియు మూతపడెను. ఇంగ్లండులో మూతపడిన మఠములలో చిట్టచివరిది అదియే. టాలిసు చేతిలో జీతపు బాకీ క్రింద ఇరువది షిల్లింగులు, బహుమానముగా మరి ఇరువది షిల్లింగులు పెట్టి పంపివేసిరి.

ఆ దినమున ఆయన వెంట తెచ్చుకొన్న సొత్తులో ఒకటి మాత్రము నేటికిని చూడదగియున్నది. వాల్తాము మఠములో పూర్వము గాయకులకు పెద్దగా నుండిన జాన్ వైల్డు తన చేతితో వ్రాసికొన్న సంగీతశాస్త్ర గ్రంథ మది. టాలిసు దాని చివరి పుటపై తన పేరు వ్రాసికొనెను. ఆ పుస్తకము ఇప్పుడు లండనులోని బ్రిటిషు లైబ్రరీలో నున్నది. మఠముల పుస్తకాగారములు చెల్లాచెదరై, వ్రాతప్రతులు చినుగు కాగితముల క్రింద అమ్ముడుపోయిన ఆ రోజులలో, కొలువు పోయిన మనుష్యుడు శాస్త్రగ్రంథమును చంకబెట్టుకొని పోవుట ఉపాధ్యాయులకు ప్రత్యేకముగా ముచ్చట గొలుపును. అందులో రెండు గాత్రములు కూడి నడచునపుడు వరుసగా రెండు పంచమములు గాని, రెండు స్థాయి అంతరములు గాని పడరాదను నియమమును బోధించు భాగ మొకటి కలదు. ఈ నియమమును చదువరులు గుర్తుంచుకొందురు గాక. ముందు దీనితో పని పడును.

వాల్తాము నుండి ఆయన కాంటర్బరీ ప్రధాన దేవాలయమునకు పోయి, అచ్చట రెండేండ్లకు పైగా గాయకుడై యుండెను. 1543 ప్రాంతమున రాజప్రార్థనాలయములో, అనగా రాజు ఎక్కడ నివసించిన అక్కడికి వెళ్లి ఆరాధనలో పాడు ఆస్థాన బృందములో, ఉద్యోగము దొరకెను. దానిని ఆయన చనిపోవువరకు, నలువదేండ్లకు పైగా, విడువలేదు. ఆ నలువదేండ్లలో సింహాసనముపై నలుగురు కూర్చుండిరి.

హెన్రీ కాలమున ఆరాధన ఇంకను లాటిను భాషలోనే జరుగుచుండెను. టాలిసు లాటినులోనే పెద్ద పెద్ద పాటలు కట్టెను. 1547లో హెన్రీ మరణించి, తొమ్మిదేండ్ల ఆరవ ఎడ్వర్డు రాజయ్యెను. పాలకులు తీవ్రమైన సంస్కరణవాదులు. 1549లో ఆంగ్లభాషలో ప్రార్థనా గ్రంథము వెలువడి దేశమంతట నిర్బంధమయ్యెను. ఆర్చిబిషప్పు క్రాన్మరు అభిప్రాయము ప్రకారము, వినువారికి దేవుని మాట స్పష్టముగా తెలియుటకు పాటలో అక్షరమునకు ఒక్క స్వరమే ఉండవలెను. టాలిసుకు అప్పటికి వయస్సు నలువది దాటినది. చిననాటి నుండి అభ్యసించిన అల్లికలన్నియు ప్రక్కకు పెట్టి, చిన్న చిన్న ఆంగ్ల వాక్యములకు నాలుగు గాత్రములతో, అక్షరము అక్షరము తేటగా వినబడునట్లు పాటలు కట్టెను. అవి నేటికిని ఆంగ్ల సంఘపు దేవాలయములలో వినబడుచున్నవి. విస్తారమైన రాగాలాపన చేయగల విద్వాంసునితో పసిపిల్లల పదము కట్టుమనినట్లే యిది. పెద్ద విద్వాంసు లెందరో ఇందులో తప్పిపోవుదురు, టాలిసు తప్పిపోలేదు.

1553లో మేరీ రాణి వచ్చెను. ఆమె దృఢమైన రోమను కతోలికురాలు. ఆంగ్ల ప్రార్థనా గ్రంథము తీసివేయబడెను, లాటిను తిరిగి వచ్చెను. 1554లో ఆమె స్పెయిను రాకుమారుడు ఫిలిప్పును వివాహమాడగా ఆతనితోపాటు ఆతని గాయకులును వచ్చిరి. ఆ సంవత్సరపు క్రిస్మసునకు టాలిసు ఏడు గాత్రముల పూజాసంగీతమును కట్టెనని పండితులు తలచుచున్నారు. రాణి ఆయన సేవకు మెచ్చి 1557లో థానెటు ద్వీపములోని మినిస్టరు గ్రామపు భూమిని, మరియొక గాయకునితో కలిపి, ఇరువదియొక్క యేండ్లకు కౌలు ఇచ్చెను. మరుసటి యేడు ఆమెయు మరణించెను. ఎలిజబెత్తు రాణి యయ్యెను, ఆంగ్ల ప్రార్థన మరల వచ్చెను. అయితే ఈమె సంగీతప్రియురాలు. తన సొంత ప్రార్థనాలయమున లాటిను పాటలను పూర్తిగా మాన్పింపలేదు.

కొందరు టాలిసును గాలివాటు మనుష్యుడని ఆక్షేపింతురు. రాజు మారినపుడెల్లను పాట మార్చెను గదా యని వారి వాదము. ఆ కాలములో పాట పాడుట కూడ ప్రాణాపాయము కాగలదను సంగతి వారు మరచుచున్నారు. విండ్సరులో ఆర్గను వాయించు జాన్ మార్బెకు అను నాతడు ఆంగ్ల బైబిలునకు పదసూచిక తయారు చేయుచుండెను. అతని యింట దొరకిన వ్రాతలను బట్టి 1543లో అతనికి సజీవదహన శిక్ష విధింపబడెను. రాజు క్షమించుటచే అతడు బ్రదికెను. అతనితో శిక్షింపబడిన మువ్వురు విండ్సరులోనే కాల్చబడిరి. మేరీ రాణి కాలమున క్రాన్మరే 1556లో కాల్చబడెను. టాలిసు హృదయమున పాతమతమునే నమ్మి యుండెనని చరిత్రకారులలో పలువురి అభిప్రాయము. ఆయన కొలువును విడువలేదు, వాదములలో తలదూర్చలేదు. నా మట్టుకు ఆయనను హతసాక్షుల వరుసలో నిలుపను. పిరికివానిగా తీసివేయుటకును ఒప్పుకొనను. ఏ భాషలో ఆరాధించుమనినను ఆ భాషకు తగిన పాటను లోపములేకుండ కట్టి యిచ్చిన పనివాడు ఆయన.

1567లో ఆర్చిబిషప్పు పార్కరు కీర్తనల గ్రంథమును ఆంగ్ల పద్యములుగా వ్రాసి అచ్చు వేయించినపుడు టాలిసు తొమ్మిది మెట్లు కట్టి యిచ్చెను. వానిలో ఎనిమిది, పూర్వపు చర్చి సంగీతములోని ఎనిమిది స్వరపద్ధతులకు ఒక్కొక్కటి. ఏ పద్ధతి శాంతము, ఏది దుఃఖము, ఏది ఆగ్రహము అని ఆ గ్రంథములోనే చెప్పబడియున్నది; మనవారు రాగములకు రసములు చెప్పుట వంటిదే యిది. ఎనిమిదవ మెట్టు మిషను పాఠశాలలలో చదివినవారికి క్రొత్తది కాదు. బిషప్పు కెన్ అనునాతడు వించెస్టరు పాఠశాల బాలురకొరకు వ్రాసిన సాయంకాల కీర్తనను ఈ మెట్టునకే పాడుదురు. దానిలో నొక చమత్కారము గలదు. ఒక గాత్రము ముందు నడచును. నాలుగు స్వరములు వెనుకగా మరియొక గాత్రము అదే మెట్టును మొదటి నుండి తుదివరకు అనుసరించును. ఇద్దరును పొరపాటున ఒకరి వెనుక నొకరు మొదలు పెట్టినట్లుండును గాని ఎక్కడను శ్రుతి చెడదు. మూడవ మెట్టును ఆధారము చేసికొని వాన్ విలియమ్సు అను ఆంగ్ల సంగీతజ్ఞుడు 1910లో తంత్రీవాద్యములకు గొప్ప రచన చేసెను. అందులో వాద్యగాండ్రను ఒక పెద్ద గుంపుగా, ఒక చిన్న గుంపుగా, నలుగురు వేరుగా విభజించి, ఒకరి కొకరు బదులు పలుకునట్లు చేసెను.

ఇక నలువది గాత్రముల పాట. 1567 వేసవిలో అలెస్సాండ్రో స్ట్రిజ్జియో అను ఇటలీ సంగీతజ్ఞుడు లండనునకు వచ్చెను. ఇతడు నలువది గాత్రములకు పాటయు, పూజాసంగీతమును కట్టినవాడు. ఆ పూజాసంగీతము చిరకాలము కానరాకపోయి, 2005లో పారిసు నగరపు గ్రంథాలయములో మరల కనుగొనబడెను. 1611లో ఒక న్యాయశాస్త్ర విద్యార్థి వ్రాసిపెట్టిన వృత్తాంతము ననుసరించి, ఇటలీ నుండి ముప్పది గాత్రముల పాట యొకటి ఇంగ్లండునకు రాగా, దానిని విన్న ఒక డ్యూకు, మన దేశీయులలో ఇంతటి పాట కట్టగలవాడు లేడా యని అడిగెనట. టాలిసు నలువది గాత్రములకు కట్టెను. థేమ్సు నది యొడ్డున ఆరండెలు ప్రభువు మందిరములోని పొడవైన వసారాలో దానిని పాడిరి. పాట ముగియగానే ఆ డ్యూకు తన మెడలోని బంగారు గొలుసు తీసి టాలిసు మెడలో వేసెను. ఆ డ్యూకు నార్ఫోకు ప్రభువేయని తలంపబడుచున్నాడు. స్కాట్లండు రాణి మేరీ పక్షమున కుట్రలో చేరెనను నేరముపై ఆ ప్రభువు 1572లో శిరచ్ఛేదము పొందెను. గొలుసు తీసిన ఆ మెడయే గొడ్డలి క్రింద పడినదని తలచినచో, టాలిసు ఎట్టివారి నడుమ పాడుచు బ్రదికెనో బోధపడును.

పాటలోని మాటలు యూదితు గ్రంథమునుండి పుట్టిన ప్రాచీన ప్రార్థన. ఈ గ్రంథము మన తెలుగు బైబిలులో చేర్చబడలేదు, రోమను కతోలికుల బైబిలులో నున్నది. ఇశ్రాయేలు దేవునియందు తప్ప వేరొకరియందు నిరీక్షణ లేదనియు, ఆయన మన దీనదశను చూడవలెననియు దాని తాత్పర్యము. రాజులు మారి ఆజ్ఞలు మారి మిత్రులు ఉరికంబము లెక్కుచున్న దేశములో ఈ ప్రార్థనను ఏరుకొనుటలో టాలిసు మనస్సు కొంత తెలియుచున్నదని నా నమ్మకము.

గాయకులు ఎనిమిది బృందములు. ఒక్కొక్క బృందమున అయిదుగురు. పై స్థాయి బాలుడు మొదలుకొని మంద్రము పాడు పురుషుని వరకు అయిదు తరగతుల గొంతులు. మొదటి బృందములో నొక్కడు మొదలుపెట్టును. అతని మాట ముగియకమునుపే రెండవవాడు అదే మాటతో అందుకొనును, పిదప మూడవవాడు. మొదటి బృందము నిండి రెండవదానిలోనికి, అచ్చటి నుండి మూడవదానిలోనికి పాట ప్రాకును. మునేటికి ఎగువ వాన కురిసినపుడు నీరు ఒక్కొక్క మడుగును నింపుచు వచ్చినట్లుండును. ముందు పాడినవారు క్రమముగా ఊరకుందురు. ధ్వని గుండ్రముగా తిరుగుచు ఎనిమిదవ బృందమును చేరును. నలువదవ కొలత వచ్చునప్పటికి నలువది గొంతులు ఒక్కసారిగా పలుకును. పిమ్మట ధ్వని వచ్చిన త్రోవనే వెనుకకు తిరిగి పోవును. తరువాత బృందములు జంటలుగా ఒకరి కొకరు బదులు చెప్పుకొందురు, ఇది వెనిసు పద్ధతి. తుదకు అందరును ఒక్క క్షణము నిశ్శబ్దము వహించి, మమ్మును చూడుమని దేవుని వేడు మాటను ఏకముగా ఎత్తుదురు. అంతయు పది నిమిషములలో ముగియును.

లెక్కలు నేర్చు విద్యార్థులు ఇక్కడ ఒకటి గమనింపవలెను. నలువది గాత్రములలో ఏ రెంటిని తీసికొనినను ఒక జంట. అట్టి జంటలు 780. జాన్ వైల్డు పుస్తకములో చెప్పిన నియమము ప్రతి జంటకును వర్తించును. ఒక జంటలో తప్పు దిద్దబోయిన వేరొక జంటలో తప్పు పుట్టును. అన్ని గొంతులు కలిసిన చోట్ల టాలిసు కూడ కొన్ని సడలింపులు చేసికొనెను, మానవమాత్రునికి వేరు మార్గము లేదు. ఇంకొక లెక్కయు చెప్పుదురు. లాటిను అక్షరములకు వరుసగా అంకెలు వేసి టాలిసు పేరులోని అక్షరములను కూడినచో 69 వచ్చును; పాట పొడవు ఆ కాలపు దీర్ఘ స్వరములలో 69. ఇది ఆయన సంతకమని కొందరు పండితులు మురియుదురు. నాకు ఇట్టి లెక్కలయందు అంత నమ్మిక లేదు గాని, వినుటకు సరదాగా నున్నది.

1610లో హెన్రీ రాకుమారుని యువరాజుగా ప్రతిష్ఠించిన సందర్భమున ఈ పాటకు ఆంగ్ల మాటలు తొడిగి పాడిరి. ఇది మొదటిసారి అచ్చయినది 1888లో. 2001లో కెనడా దేశపు కళాకారిణి జానెటు కార్డిఫు నలువది మంది గాయకుల గొంతులను విడివిడిగా పట్టి, నలువది ధ్వనియంత్రములను కోడిగ్రుడ్డు ఆకారమున నిలిపి వినిపించెను. నడుమ నిలుచున్నవారికి పాట యంతయు వినబడును. ఒక యంత్రము చెంతకు పోయి చెవి యొగ్గినచో ఒక్క మనుష్యుని గొంతు, అతని ఊపిరి సహితము, వినబడును.

బంగారు గొలుసు కథ చదివినవారు టాలిసు ధనవంతుడై యుండెనని తలపవచ్చును. అది నిజము కాదు. 1575లో ఎలిజబెత్తు రాణి ఆయనకును, ఆయనకంటె సుమారు ముప్పది యైదేండ్లు చిన్నవాడగు విలియం బర్డునకును కలిపి, పెక్కు గాత్రముల సంగీతమును, గీతలు గీచిన సంగీతపు కాగితమును అచ్చు వేయు హక్కును ఇరువదియొక్క యేండ్లకు ఇచ్చెను. ఇద్దరును ఆ సంవత్సరమే లాటిను పాటల సంపుటమొకటి అచ్చు వేయించి రాణికి అంకితమిచ్చిరి. రాణి పట్టాభిషేకమునకు అది పదునేడవ యేడు. ఒక్కొక్కరివి పదునేడు చొప్పున ముప్పదినాలుగు పాటలు. పుస్తకము అమ్ముడుపోలేదు. 1577లో ఇద్దరును రాణికి అర్జీ పెట్టుకొనిరి. రెండు వందల మార్కులు, అనగా 133 పౌనులకు పైగా, నష్టము వచ్చినదనియు, టాలిసు నలువది యేండ్లు సేవ చేసి వృద్ధుడయ్యెననియు, మేరీ రాణి యిచ్చిన కౌలు గడువు ముగియనున్నదనియు విన్నవించుకొనిరి. రాణి గ్లాస్టరు మండలమున కొంత భూమిని వారికి కౌలు ఇప్పించెను. అన్నమాచార్యులవారి పాటలు రాగిరేకులపై చెక్కబడి కొండమీది గదిలో నాలుగు శతాబ్దములు చీకటిలో పడియుండెను; టాలిసు పాటలు అచ్చయి అంగడిలో దుమ్ము పట్టెను.

బర్డు బహిరంగముగా రోమను కతోలికుడు. ఆంగ్ల సంఘారాధనకు రానందున పలుమారులు నేరారోపణకు గురియైనవాడు. అతడు తన కుమారునికి థామసు అను పేరు పెట్టగా, టాలిసు ఆ బిడ్డకు జ్ఞానపితగా నిలిచెను. టాలిసుకు సంతానము లేదు. 1552 ప్రాంతమున జోనును వివాహమాడి, ఆమెతో గ్రీనిచ్చిలో, థేమ్సు ఒడ్డున, రాజభవనమునకు చేరువలో కాపురముండెను. 1583లో వీలునామా వ్రాసి, రాజప్రార్థనాలయములోని తోటి గాయకుల విందు కొరకు కొంత సొమ్ము కేటాయించెను. 1585 నవంబరు నెలలో మరణించెను. వెనిసులో ఆండ్రియా గాబ్రియేలియు ఆ సంవత్సరమే చనిపోయెను. బర్డు తన గురువుకొరకు శోకగీతమొకటి కట్టెను. జోను 1589 వరకు జీవించెను.

టాలిసును గ్రీనిచ్చి గ్రామపు సెయింటు ఆల్ఫెజి చర్చిలో, బలిపీఠపు ఆవరణములో పాతిపెట్టి, ఇత్తడి రేకుపై ఆయన చరిత్రను పద్యములుగా చెక్కించిరి. నాలుగు ప్రభుత్వముల క్రింద సేవచేసిన సంగతియు, భార్యతో ముప్పది మూడేండ్లు ప్రేమగా కాపురము చేసిన సంగతియు అందులో నుండెను. 1710లో గాలివానకు ఆ చర్చి కప్పు కూలెను. హాక్సుమూరు అను శిల్పి అదే స్థలమున క్రొత్త చర్చిని కట్టెను. ఆ కట్టడపు పనులలో పాత సమాధియు, ఇత్తడి రేకును మాయమైపోయెను. ఆ పద్యములను అంతకుమునుపే యొకరు కాగితముపై ఎక్కించుకొని యుండుటచే అవి నిలిచినవి.